మూడు బీడి కట్టలైతే గాని స్టార్ట్ కాని కారు

"అవ్వా, తాత దుబాయ్ నుంచి వచ్చినంక మల్ల ఎందుకు పోలె? నాయినను అడిగితే నిన్నే అడుగుమన్నడు."

మీ నాయినకు తెల్వదా? అన్నీ తెల్సు. నా నోటెంబడి ఇనాల్నని గట్లంటడు. ఆ రికార్డు చేసే ఫోను మూతికి గింత దగ్గర పెట్టకు బిడ్డా, ముందటి పండ్లు లేవు, మాట తుస్సుమంటది. గా పీట మీద పెట్టు. ఆఁ, గట్ల.

ఎందుకు పోలె అంటే... కారు పోనియ్యలె. నవ్వకు, నిజమే చెప్తున్న. అంటే ఆ కారే పొమ్మన్నది, మల్ల ఆ కారే ఆపింది. చెప్త ఆగు, మొదటికెంచి చెప్త.

మీ తాత దుబాయిల నీళ్ల ట్యాంకరు తోలేటోడు. పదేండ్లు తోలిండు. పదేండ్లేంది, మీ నాయిన నడక నేర్సినప్పుడు పోయిండు, పదో తరగతిల పడ్డంక వచ్చిండు. ఇగ లెక్కేసుకో. నడుమల మూడుసార్లు వచ్చిండు, నెల నెల ఉండి పోయిండు. గప్పుడు ఫోన్లు ఏడియి? క్యాసెట్ల మాట్లాడి ఊరికి వచ్చేటోళ్లతోని పంపేటోడు. "రాజవ్వా, నేను గంగారాంను మాట్లాడుతున్న" అని మొదలువెట్టేటోడు. నువ్వు గాక ఇంకెవరు మాట్లాడుతరయ్యా నాతోని అని నేను టేప్‌రికార్డరుకు చెప్పేదాన్ని. ఆ గొంతు ఇనుకుంటనే బీడీలు చేసుకుంట మీ నాయినను సాదిన.

ఆఖరికి వచ్చిండు. ఇగ పోను, ఈడనే బతుకుత అన్నడు. చేతుల ఉన్న పైసలు పెట్టి కామారెడ్డిల ఒక కాంట్రాక్టరు కాడ పాత కారు కొన్నడు. తెల్లది, గుండ్రటి ముక్కుది, పెట్రోలుది. ఎల్లారెడ్డి నుంచి లింగంపేట, తాడ్వాయి మీదికెళ్లి కామారెడ్డికి సీట్లు కొట్టుకుంట, అంటే మందిని ఎక్కించుకొని సీటుకింత తీసుకుంట, తోలుదమని. గప్పుడు సీటుకు పదిహేను రూపాలో ఏమో. వెయ్యి బీడీలు చేస్తే నాకు ముప్పై ముప్పై ఐదు వచ్చేది, గట్ల చూసుకుంటే కారు మంచి బతుకే గదా.

మొదటి నెల రాజోలె తోలిండు. కారుకు పూలదండ, లోపట దేవుని బొమ్మ, సీట్లకు పువ్వుల గుడ్డ. మా ఆడిబిడ్డ సత్తవ్వ, నీకు తెల్సుగా లింగంపేటల ఉంటది, ఇప్పుడు మోకాళ్లు పట్టుకున్నయి పాపం, ఆమె అయితే ఆ కారెక్కుతందుకు కొత్త చీర కట్టుకొని వచ్చింది. గింత సోకు!

ఇగ ఎండకాలం మొదలైంది, కారు బుద్ధి చూపెట్టింది.

ఏం బుద్ధంటే, పొద్దున ఇంటి ముందట ఒక్క చాబి తిప్పుడుకే బుర్రుమనేది. కామారెడ్డి దాక గుర్రం లెక్క పోయేది. ఆడ ఆపి, చాయ్ తాగి, ప్యాసింజర్లను ఎక్కించుకొని చాబి తిప్పితే... కిర్రు కిర్రు కిర్రు అనుడే, స్టార్ట్ కాదు. నూకినా కాదు. ప్యాసింజర్లు దిగి తిట్టుకుంట బస్సెక్కి పోయేటోళ్లు. అందరు పోయినంక, ఈయన తలకాయ పట్టుకొని కూసున్నంక, శాన సేపటికి తిప్పితే ఏం ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. అత్తగారింట్ల అలిగిన కోడలు మామ బజారుకు పోంగనే లేచి అన్నం తిన్నట్టు.

తిట్టిన ప్యాసింజర్లను ఈయన తిరిగి తిట్టేటోడు. దుబాయ్‌ల నేర్సిన తిట్లు గూడ. గిట్లయితే రేపు ఎవడన్న చెయ్యి లేపుతడని నాకు బుగులు పట్టి, పక్కన ఆడమనిషి ఉంటే నోరు అదుపుల ఉంటదని నేను గూడ ముందట సీట్ల కూసుండి పోవుడు మొదలువెట్టిన. ఊకె కూసునేది దేనికని బీడీల చాట ఒళ్లె పెట్టుకునేది. తునికాకు రాత్రే కత్తిరించి తడిగుడ్డల చుట్టి పెడ్తం గద, ఆకు ఇరగకుండ, ఆ మూట, తంబాకు, దారం, అన్ని కారులనే. మా ఆయన అనేటోడు, "ఇది కారా, కార్ఖానానా?" అని.

మెకానిక్‌కు చూపెట్టలేదా అంటవేమో. చూపెట్టక? కామారెడ్డిల రషీద్ భాయ్ అని మంచి మనిషి, మంచి పనోడు. మొదలు బ్యాటరీ మార్చిండు. నాలుగు దినాలు బాగనే ఉండె, మల్ల అదే కత. నాలుగు దినాలు మబ్బు పట్టుండె, గది మాకు అప్పుడు సమజ్ కాలె. తర్వాత ప్లగ్గులు మార్చిండు. తర్వాత పెట్రోలు పంపు మార్చిండు. ప్రతిసారి షెడ్డుల చాబి తిప్పి, "చూడు గంగారాం, పువ్వు లెక్క స్టార్ట్ అయితున్నది" అనేటోడు. ఔ, అయితది. మేము ఎప్పుడు తీస్కపోతిమి? అది సతాయించి సతాయించి, లేచినంక తీస్కపోతిమి. దవాఖానకు పోంగనే జ్వరం తగ్గినట్టు.

ఇగ ఊరోళ్ల మందులు ఇను. ఒకాయన పెట్రోల్ల నీళ్లున్నయన్నడు. ఒకాయన దిష్టి అన్నడు, నిమ్మకాయలు మిరపకాయలు కట్టినం. సత్తవ్వ మొగడైతే, నవ్వకు, ఇంజన్ కడుపుల గ్యాసు పట్టిందన్నడు! ఆయనకు గ్యాసు ఉండె, లోకానికంత అదే ఉన్నదనుకునేటోడు.

ఆఖరికి పిల్లలు గూడ మీ తాతకు పేరు పెట్టిండ్రు, నూకుడు గంగారాం అని. అది ఆయనకు తాకింది. పైసలకు కాదు బిడ్డా, ఇజ్జతుకు. ఒక దినం కామారెడ్డిల నన్ను కారుల కూసోవెట్టి ఎటో పోయిండు, వచ్చినంక మూతి ముడుసుకున్నడు. ఏందయ్యా అంటే, "ఏజెంటుకు పాసుపోర్టు ఇచ్చిన. కారు అమ్మి మల్ల పోత. ఆడ నా ట్యాంకరు ఎన్నడు నన్ను నడిబజార్ల నిలవెట్టలె" అన్నడు.

నాకు చెయ్యి ఆగిపోయింది. బీడి సగం చుట్టి పట్టుకున్న, దారం కట్టలె. ఇంటికొచ్చి అన్నం పెట్టిన, ఆయన తిన్నడు.

మూడో దినమే పిట్లం నుంచి ఒక మక్కల వ్యాపారి కారు చూస్తందుకు వచ్చిండు. పొద్దున్నే వచ్చిండు. మంచి మనిషి, తెల్లరుమాలు, పెద్ద నవ్వు. కారు సల్లగ ఉన్నది గద, చాబి తిప్పంగనే బుర్రు. తోలుకుంట లింగంపేట దాక పోయి, యాడ ఆపకుండ మర్లొచ్చిండు. దిగి, "మస్తుగున్నదన్నా" అని బనీను జేబుల చెయ్యి పెట్టిండు బయానా, గదే అడ్వాన్సు, ఇస్తందుకు. మీ తాత నేల దిక్కు చూస్తుండు. ఆయన అబద్ధం ఆడలె, నిజం చెప్పలె, నడుమల ఇరుక్కున్నడు పాపం.

నేను బయటికొచ్చి అన్న, "అన్నా, అంత దూరం నుంచి వచ్చినవు, చాయ్ తాగకుండ బయానా ఏంది? కూసో."

ఇగ చాయ్ పెట్టిన చూడు... పొయ్యి కట్టెలు సుత మెల్లగ పెట్టిన. పక్కింటికి పోయి పాలు తెచ్చిన, ఇంట్ల పాలున్నా గూడ. అల్లం దంచిన. మరగనిచ్చిన. ఒక కప్పు ఇచ్చిన, మల్లొక కప్పు తాగుమన్న. ఆయన మొహమాటానికి తాగిండు. అప్పుడన్న, "అన్నా, బయానా ఇచ్చే ముందట మల్లొక్కసారి స్టార్ట్ చేసి చూడు."

చాబి తిప్పిండు. కిర్రు కిర్రు కిర్రు. మల్ల తిప్పిండు. కిర్రు.

ఆ మనిషి నా దిక్కు చూసిండు, చాయ్ కప్పు దిక్కు చూసిండు, పకపక నవ్విండు. "తల్లీ, నీ చాయ్ పిట్లం దాక యాదికుంటది" అని రుమాలు దులుపుకొని బస్టాండుకు పోయిండు.

మీ తాత కండ్లు నిప్పులైనయి. "కావాల్నని చేసినవ్ గదనే!"

"ఔ. కావాల్ననే చేసిన."

"ధర్మరాజు బిడ్డెవా నువ్వు? నిజం చెప్పుటానికి నీకేం పట్టింది?"

నిజం కోసం కాదు బిడ్డా, నీకు చెప్తున్న, ధర్మం గిర్మం ఏం లేదు ఆ దినం నా మనసుల. "కారు అమ్ముడుపోతే నువ్వు పోతవు. అందుకే చేసిన" అన్న. "నేను మల్ల క్యాసెట్లతోని కాపురం చెయ్య" అన్న.

ఆయన ఇంట్లకు పోయి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు, పొద్దు నెత్తికి ఎక్కకముందే. నేను గడప మీద నిలవడి అన్న, "శుక్రారం దాక ఆగు. గంతల నేను దీని రోగం తెలుసుకుంట."

"బీడీలు చేసేదానివి, నువ్వు తెలుసుకుంటవా" అన్నడు గోడతోని.

"బీడీలతోనే తెలుసుకుంట" అన్న.

కోపానికి అన్న ఆ మాట. గాని అన్నంక నాకే ఏందో తట్టింది. గడియారం చూసుడు నాకు రాదు గాని బీడి చేతికి లెక్క తెల్సు. నా చెయ్యి ఎప్పుడు ఒక్క తీరుగనే నడుస్తది. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. కారు ఆగిన కాడ కూసుండి ఎన్నిసార్లు చేయలేదు నేను? యాది చేసుకుంట పోయిన. తాడ్వాయిల ఒకామెను దింపి, ఐదు బీడీలు గాకముందే తిప్పితే స్టార్ట్ అయ్యేది. చాయ్‌కు ఆగి ఒక కట్ట అయితే, కాదు. రెండు కట్టలకు గూడ కాదు. మూడు, మూడున్నర కట్టలైనంక అయ్యేది. వాన వడ్డనాడు రెండు కట్టలకే అయ్యింది.

అంటే ఏంది? పరుగెత్తేటప్పుడు కాదు దీని రోగం, ఆగినంక. ఉరికేటప్పుడు గాలి తగుల్తది, ఆగినంక లోపటి వేడి ఎటు పోవాలె? మీదికి పొంగుతది, అన్నం దించినంక మూతకాడ ఆవిరి లెక్క. ఆ వేడికి లోపట ఏదో ఒకటి జ్వరపడుతున్నది. మూడు కట్టలకు జ్వరం దిగుతున్నది.

జ్వరమొస్తే ఏం చేస్తం? తడిగుడ్డ ఏస్తం. తడిగుడ్డ నా ఒళ్లెనే ఉండె!

సోమారం కామారెడ్డిల కారు ఆగింది. మీ తాత నాతోని మాట్లాడడు, కారు ఎనుక నీడకు అటు మొకం పెట్టి కూసున్నడు. నేను ముందటి మూత లేపమన్న. లేపి పోయి మల్ల కూసున్నడు. ఆకుమూట గుడ్డ ఇప్పి, ముందటి జాలి మీద, గదే నీళ్లు పోసే డబ్బకు ఉంటది చూడు, ఆడ ఏసిన. కట్ట అయ్యింది, కాలె. రెండయినయి, కాలె. మూడు దాటినంకనే అయ్యింది. అంటే రోగం జాలిది కాదు.

మంగళారం పెట్రోలు పంపు మీద ఏసిన. మల్ల మూడు కట్టలే.

బుధారం... ఇంజన్ పక్కనే బిగిచ్చి నల్లటి డబ్బ ఒకటుండె, లోటా గ్లాసంత, మీదికెళ్లి లావు వైరు పోతది. దాని పక్కకు చెయ్యి తీస్కపోతేనే సుర్రుమన్నది, కుంపటి లెక్క. నువ్వేనా అన్న దాన్ని. తడిగుడ్డ మంచిగ పిండి, వైరుకు తగలకుండ నడుముకు చుట్టిన. చాట ముందటేసుకున్న. పది బీడీలు... పన్నెండు... పదిహేను అయినంక, "ఏమయ్యా, తిప్పు" అన్న.

"ఇప్పుడే అయితదా, నీ యవ్వ" అనుకుంట వచ్చి తిప్పిండు.

బుర్రు!

మీ తాత చేతిల చాబి అట్లనే ఉన్నది. నన్ను చూసిండు. గాని ఊకుంటడా, మొగోడు గద, "ఎప్పుడన్న ఒకసారి అట్ల అయితదిలే" అన్నడు. సరే అని నేను ఒప్పుకున్న. నిజమే గద, ఒక్కసారి అయితే ఏం రుజువు? మర్లొచ్చేటప్పుడు తాడ్వాయిల ఆపి చూసినం, గుడ్డతోని మల్ల పదిహేను బీడీలకే అయ్యింది. గురువారం గుడ్డ ఏయకుండ చూసినం. మూడు కట్టలు. ఆ మూడు కట్టలు అయిందాక మీ తాత ఎనుక కూసోలె, నా పక్కన కూసుండి నేను చేసిన బీడీలు లెక్కవెట్టిండు. "ఇరవై నాలుగు... ఇరవై ఐదు... ఇగో దారం" అనుకుంట. వచ్చినకాంచి గట్ల నా పక్కన కూసున్నది గదే మొదలు.

శుక్రారం పొద్దున్నే రషీద్ భాయ్ కాడికి పోయినం. నేనే చెప్పిన, ఐదు బీడీలది, మూడు కట్టలది, వానది, జాలిది, పంపుది, నల్ల డబ్బది. మొదలు చేతులు తుడుసుకుంట నవ్వుకుంట ఇన్నడు. నడుమల నవ్వు బందైంది. తుడుసుకునే గుడ్డ భుజం మీదేసి, "చెల్లె, మల్ల మొదటికెంచి చెప్పు" అన్నడు. మల్ల చెప్పిన.

"నేను బేవకూఫ్‌ను" అన్నడు. "ఇన్ని దినాలు సల్లారిన కారును చూసి మందు ఇచ్చిన. నడువుండ్రి, దీనికి జ్వరమున్నప్పుడు చూస్త."

పని బంద్ చేసి సంచి పట్టుకొని ఎక్కిండు మనిషి. ఎర్రటి ఎండల తాడ్వాయి దాక పోయి ఆపినం. ఒక కట్ట చేసిన. చాబి తిప్పితే కిర్రు కిర్రు. రషీద్ భాయ్ మొహం వెలిగిపోయింది చూడు, పెండ్లిపిల్ల దొరికినట్టు! "ఖరాబైనందుకు గింత ఖుషీ ఏందన్నా" అన్న. "రోగం దొరికింది చెల్లె" అన్నడు.

మొదలు పెట్రోలు చూసిండు, వస్తున్నది. ప్లగ్గు వైరు గుంజి ఇంజన్ ఇనుముకు దగ్గర పట్టుకున్నడు, మీ తాతను చాబి తిప్పుమన్నడు. ఏం లేదు. నిప్పురవ్వ రావాలెనట ఆడ, రాలె. అప్పుడు నా తడిగుడ్డ అడిగి నల్ల డబ్బకు చుట్టిండు. నేను చాట ముందటేసుకున్న. పదిహేను బీడీలకు మల్ల తిప్పుమంటే టక్కు టక్కుమని నీలం రంగు నిప్పులు!

"కాయిలు" అన్నడు. దాన్ని కాయిలంటరట. లోపట వెంట్రుకంత సన్న తీగ చుట్టలు చుట్టలుగ ఉంటదట. యాడనో అది తెగింది. సల్లగున్నప్పుడు అతుక్కొని ఉంటది, వేడికి ఉబ్బితే ఇడుస్తది. ఇడిస్తే నిప్పు లేదు, నిప్పు లేకుంటే ఎంత పెట్రోలున్నా ఏం లాభం? సంచిలకెళ్లి కొత్తది తీసిండు. ఇంజన్ పక్కన గాకుండ, గాలి తగిలే కాడ, లోపటి రేకుకు బిగిచ్చిండు. ఇంకో మాట గూడ అన్నడు, "చెల్లె, మల్ల ఎన్నడు తడిగుడ్డ పెట్టకు. ఆ వైరుకు తడి తగిలుంటే నిన్ను తాడ్వాయి చెరువుల ఇసిరేసేది." అప్పుడు జరిగిన నేను, ఆ డబ్బకు రెండడుగులు ఎనుకకు. అంతకుముందు జరగలె, తెల్వక!

ఇంజన్ ఇంక కాలుతనే ఉన్నది. "తిప్పు గంగారాం" అన్నడు.

బుర్రుమన్నది.

మీ తాత ఆపిండు. మల్ల తిప్పిండు. ఆపిండు. మల్ల. పది సార్లు తిప్పిండు, చిన్నపోరడు పీపీ ఊదినట్టు. రషీద్ భాయ్ "బ్యాటరీ దిగుతదిరా బాబు, నీ కారే గదా, రేపు గూడ ఉంటది" అని మొత్తుకున్నడు. కూలి ఇయ్యబోతే కాయిలు పైసలు తీసుకున్నడు గాని కూలి తీసుకోలె. "చూసింది చెల్లె, నేను బిగిచ్చిన గంతే" అన్నడు. ఆ ఏడు ఆయన బిడ్డ పెండ్లికి మన కారే పోయింది.

ఇగ ఆయనను షెడ్డు కాడ దింపి ఏజెంటు ఆఫీసుకు పోయినం. మీద అంతస్తుల ఉండె. మీ తాత మెట్లెక్కి పోయిండు, నేను కారులనే కూసున్న. కారు బాగైంది గని, మనిషి మనసు బాగైందా లేదా తెల్వదు గద. ఆడ ట్యాంకరు ఉన్నది, నెల జీతమున్నది. బీడి చేద్దమంటే వేళ్లు ఆడలె.

వచ్చిండు. కూసున్నడు. అంగి జేబులకెళ్లి పాసుపోర్టు తీసి నా చాటల, ఆకు మీద పెట్టిండు. నన్ను చూడలె. ముందటికి చూసుకుంటనే అన్నడు, "వాడు అడిగిండు, ఎందుకు పోతలేవని. ఏం చెప్పాల్నో తెల్వలె నాకు. మా ఆమె పోనిస్తలేదని చెప్పిన."

"నా మీదికి నూకినవా?" అన్న.

"మరి పోనిస్తున్నవా?" అన్నడు.

ఇద్దరం నవ్వినం బిడ్డా. బజార్ల అందరు చూస్తుంటే గూడ. ఆ దినం సీట్లు కొట్టలె, ఒక్క ప్యాసింజరును ఎక్కించుకోలె. ఖాళీ కారుల, నేను ముందట, ఆయన పక్కన, ఎల్లారెడ్డి దాక. తొవ్వల మిర్చిబజ్జీల కాడ ఆగినం, లింగంపేటల సత్తవ్వ కాడ ఆగినం, పనిలేకున్నా ఆగినం. ఆగినకాడల్లా మల్ల స్టార్ట్ చేసుడు, ఒకరి మొకం ఒకరం చూసుకునుడు. అట్ల పదకొండేండ్లు తోలిండు దాన్ని. తర్వాత వేరే బండి కొన్నడు, అది వేరే ముచ్చట, దానికి ఏం రోగం లేకుండె, చెప్పేటందుకు ఏం లేదు.

ఏందీ, ఏడుస్తున్ననా? కాదు, పొగ. పొయ్యి లేదా? ఆఁ, గ్యాసు పొయ్యే, అయినా పొగే.

అగో, మీ తాత లోపట దగ్గిండు. నిద్రపోతలేడు, అన్నీ ఇంటున్నడు. "పదిహేను కాదు, పద్దెనిమిది బీడీలు" అంటున్నడు ఇనవడ్డదా? పదిహేనేనయ్యా! చేసింది నేను, లెక్క నీకెట్ల తెల్సు?

ఇగ బందు చేయి ఆ ఫోను. పొద్దువోతున్నది, మీ అమ్మ ఎదురుచూస్తది. దగ్గరికి రా, తల ఒంచు. సల్లగుండు బిడ్డా. నీకు వచ్చే మొగడు గూడ గిట్ల పక్కన కూసుండి లెక్కవెట్టేటోడు... ఆఁ వస్తున్న, వస్తున్న, పద్దెనిమిదంట పద్దెనిమిది... సల్లగుండు, పోయిరా.